వంగని చెయ్యి

నిన్న సాయంత్రం అక్క ఫోనుకు ఒక ఫోటో పంపింది. దుబాయ్‌లోని డేరా పేటలో ఏదో హోటల్లో మా బావకు శాలువా కప్పుతున్నారు, క్రికెట్‌కు చేసిన సేవకట. చూసి ఫోను బోర్లా పెట్టేశాను. నలభై దాటాక ఇంకా పగేమిటని నా ఈడువాళ్లు అనవచ్చు గాని, కొన్ని గాయాలు మానకుండా మనమే కాపాడుకుంటాం.

కరోనా వచ్చిన ఏడాది సంగతి ఇది. జగిత్యాల దగ్గరి మా పల్లె నుంచి నన్ను అజ్మాన్‌లోని అల్యూమినియం వర్క్‌షాపుకు రప్పించింది బావే. అక్కడాయన సూపర్‌వైజరు, మా జట్టుకు కెప్టెను కూడా. లాక్‌డౌను సడలాక శుక్రవారాలు ఎండ ముదరకముందే ఇసుక మైదానంలో, మధ్యలో పోసిన సిమెంటు పిచ్ మీద ఆడేవాళ్లం. ఒకనాడు ఒక పెద్ద క్లబ్బు ముదీర్, అంటే మేనేజరు, హైదరాబాదువాడే, ఆటగాణ్ణి వెతుక్కుంటూ వచ్చి, చాలాసేపు నా బౌలింగే చూసి, ఎవరీ బౌలరని బావను అడిగాడు. వాళ్లకు కావలసింది ఒక్కడే. బావ నా భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు.

"మావోడే సార్. గని బాల్ ఏస్తలేడు, ఇసురుతడు. చెయ్యి వంగుతది."

మోచెయ్యి వంచి విసరడమంటే బౌలరుకు దొంగతనం అంటగట్టినట్టే. ముదీర్ తల పంకించి, ఆ ఒక్క చోటుకు బావనే తీసుకున్నాడు.

ఆ పని వదిలి ఖోర్ ఫక్కాన్ పోర్టులో సరుకు దించే కూలికి పోయాను. కొండల కింద మైదానంలో పెషావర్ టాక్సీ డ్రైవర్లతో ఆడితే, అక్కడా ఎవరో చెప్పగా విని అంపైరు నో బాల్ అని చెయ్యి చాచాడు. తర్వాత డేరాలో ఒక బట్టల వ్యాపారి జట్టులో చేరితే, నాలుగు ఆటలు కాకముందే మర్యాదగా పక్కన కూర్చోబెట్టారు. ఎక్కడికి పోయినా బావ మాట నాకంటే ముందే చేరి ఉండేది. నేను మాత్రం ప్రతి బంతినీ మధ్య వికెట్టు దగ్గర ఆయన మొహాన్ని ఊహించుకునే వేసేవాణ్ణి. పోర్టులో వెన్ను విరిగే పని చేసి వచ్చినా ఆ ఊహతో ఒంట్లోకి బలం వచ్చేది.

పెషావర్ డ్రైవర్లలో అందరం చాచా అని పిలిచే ముసలాయన నా మోచేతినే నెలల తరబడి గమనించి, "బేటా, నీ హాథ్ సాఫ్ ఉంది, టెస్ట్ చేయించుకో" అని, తన బండిలోనే దుబాయ్‌లో కెమెరాలతో పరీక్షించే అకాడమీకి తీసుకుపోయాడు. చెయ్యి వంగడం లేదని తేలింది. ఆ రిపోర్టు బలంతోనే, తోటివాళ్లు బూట్లు విప్పేసే వయసులో, పెద్ద లీగులో ఒక జట్టు నన్ను తీసుకుంది.

బావ జట్టుతో ఆట మధ్యాహ్నం పడింది. ఆయనే కెప్టెను. మొదటి బంతి చెవి పక్కనుంచి పోనిచ్చాను, కావాలనే. రెండోది బ్యాటును తాకలేదు. మూడోది పాదాల దగ్గర పడి మధ్య వికెట్టును పెరికేసింది. బావ వెంటనే అంపైరు వైపు చూశాడు, చెయ్యి చాస్తాడేమోనని. అంపైరు కదల్లేదు. నేను ఆయన దగ్గరిదాకా నడిచి వెళ్లాను.

"బావా, ఏసిన్నా, ఇసిరిన్నా?"

గ్లవుజులు విప్పుకుంటూ తల వంచుకుని పోయాడు. జట్టువాళ్లు నన్ను ఎత్తుకుంటున్నా, ఆయన టెంటులోకి దూరేదాకా చూస్తూనే ఉన్నాను. అంత సంతోషం నా పెళ్లినాడూ లేదు.

ఆయన అన్నం ముట్టడం లేదని, నన్నే ఆయన్ని క్షమించమని అడగమని అక్క ఫోను చేసింది. ఎవరు ఎవర్ని అడగాలో నువ్వే చెప్పమన్నాను. ఆ తర్వాత నేనూ అక్కా చాలా నెలలు మాట్లాడుకోలేదు.

ఇప్పుడు శుక్రవారం సెలవు ఆదివారానికి మారింది. అజ్మాన్‌లో మేం ఆడిన ఇసుక మీద మేడలు లేచాయి. ఈనాటి కుర్రాళ్లు తమ బౌలింగు వీడియో తీసి నేరుగా క్లబ్బులకే పంపుకుంటున్నారు, మధ్యలో ఏ బావనూ ఎవరూ అడగడం లేదు. వాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది, కడుపూ మండుతుంది. పెద్ద లీగులో నాకు దక్కింది ఒక్క సీజను. ఆ తర్వాత భుజం మొరాయించింది. ఆనాడు బావ ఆ ఒక్క మాట మింగి ఉంటే, ఒంట్లో సత్తువ ఉన్న ఆ ఏళ్లలో నేనెంత వేగంగా వేసి ఉండేవాణ్ణో, అది నాకూ తెలియకుండానే పోయింది.