ఆదివారం వాన కొలత

మా మేడం పోయారని పోయిన బుధవారం అక్క ఫోన్ చేసి చెప్పింది. అక్క అంటే మేడం దగ్గర నాకంటే రెండేళ్ల ముందు పరిశోధనలో చేరిన సీనియర్. మేడం చివరి వ్యాసాన్ని తను ఈ నెలాఖరుకు పత్రికకు పంపుతోంది. అందులో రెండు రోజుల అంకెలు నేను కల్పించినవి. పంపేలోగా ఆ సంగతి మేడం విద్యార్థులందరికీ తెలియాలి, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

వాన పడితే ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ ఎంత బలహీనపడుతుంది? మేడం ఉద్యోగమంతా ఈ ప్రశ్న చుట్టూనే సాగింది. నాంపల్లిలో మా కాలేజీ మిద్దె మీద డిష్ యాంటెన్నా, దాని పక్కన వానమాపకం. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు నీళ్లు కొలిచి, పారబోసి, పుస్తకంలో రాయాలి. చదువు ముగించి వెళ్లే ప్రతి ఒక్కరికీ చిన్న ప్లాస్టిక్ మాపకం చేతిలో పెట్టి, "ఎక్కడున్నా కొలవండి. కొలవని రోజు గడి ఖాళీగా వదిలేయండి, ఏం కాదు" అనేవారు.

మా ఇంట్లో బడికెళ్లి చదివిన మొదటిదాన్ని నేను. మేడం నన్నెప్పుడూ "మీరు" అనే పిలిచారు. నా కాగితాల మీద పెన్సిల్‌తో "బాగుంది" అని రాసేవారు, అంతే. అక్క కాగితాలు మాత్రం ఎర్ర సిరాతో నిండిపోయేవి. "ఏమే, దీన్ని గ్రాఫ్ అంటారా? చీమలు పాకినట్టుంది!" ఆ తిట్ల కోసం నేను కుళ్లిపోయేదాన్ని. అమ్మతో చెప్తే, "తిడ్తలేదని ఏడుస్తున్నవా? గిదేం కడుపుమంటనే పిచ్చిదానా!" అని నవ్వింది.

నిరుడు లాల్‌దర్వాజా బోనాల మరుసటి ఆదివారం కొలత నా వంతు. అబిడ్స్‌లో బస్సు దిగాను. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అప్పుడప్పుడే పరుస్తున్నారు. అక్కడ మేడం కనిపించారు, అక్క చేతుల్లో పుస్తకాలు పేరుస్తూ.

"మేడం, నేనేమన్న బీరువానా?"

"మొయ్యవే, చదవమనలేదుగా!"

ఇద్దరూ పకపకా నవ్వారు. నన్నెప్పుడూ అలా తీసుకెళ్లలేదు. మిద్దె ఎక్కకుండా వచ్చిన దారినే ఇంటికెళ్లిపోయాను.

సోమవారం మాపకంలో రెండు రోజుల నీళ్లున్నాయి. సగం ఆదివారానికి, సగం సోమవారానికి రాసేశాను.

"ఆదివారం ఇంత చిన్న వానకే సిగ్నల్ అంత పడిపోయిందేంటి?" అని మేడం వారాల తరబడి వెతికారు. మోకాళ్ల నొప్పులతో మిద్దె ఎక్కి కేబుళ్లు మార్పించారు. ఒకరోజు నా భుజం పట్టుకుని దిగుతూ, "కొలత మీది కదా, దాన్ని అనుమానించక్కర్లేదు" అన్నారు. అప్పుడూ నేను నిజం చెప్పలేదు. వ్యాసంలో ఆ రోజు "కారణం తెలియని" రోజుగా మిగిలిపోయింది.

నిన్న నాంపల్లి స్టేషన్ ఎదుట ఇరానీ హోటల్లో అక్కకు చెప్పాను.

"గప్పుడే చెప్తే ఏం బోతుండెనే? ఆమె మోకాళ్లకన్న ఆరాం దొరుకుతుండె," అంది. తర్వాత, "నా లెక్కలు నాలుగుసార్లు జూసేది. నీయి ఒక్కసారి గూడ చూడకపోయేది. నాకెంత మండేదో ఎరికేనా?"

ఆ మాటకు సంతోషం వేసింది. వెంటనే సిగ్గేసింది.

వ్యాసం మీద మేడం పేరు పక్కన అక్క పేరే ఉంటుంది. ఇప్పటికీ మండుతూనే ఉంది. కానీ ఆ తప్పు కొలత అలాగే అచ్చయితే మేడం ఇక దిద్దుకోలేరు. మీలో అబిడ్స్, నాంపల్లి, లక్డీకాపూల్ చుట్టుపక్కల ఉంటూ ఆ ఆదివారం, సోమవారం పొద్దున వాన కొలిచినవాళ్లుంటే, ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపండి. ఎవరి దగ్గరా లేకపోతే ఆ రెండు రోజులూ తీసేస్తానని అక్క అంది. దయచేసి ఈ నెల ఇరవయ్యో తేదీలోగా జవాబు రాయండి.