గుర్రపోళ్ల ముత్తాత

మా ఊళ్లో మా ఇంటిని గుర్రపోళ్ల ఇల్లు అంటారు. నాకు తెలిసి మా ఇంట్లో గుర్రం ఎప్పుడూ లేదు. రెండు ఎనుములు, నాలుగు మేకలు, అంతే. నాయన రాయచోటి సంతకు పోతే ముసలివాళ్లు "ఏం గుర్రపోడా" అని పలకరించేవారు. ఆయన ముఖం చిట్లించుకునేవాడు. ఆ పేరు మా ముత్తాత వల్ల వచ్చింది. తెల్లదొరల యుద్ధానికి గుర్రాలతో పోయి ఆయన తిరిగి రాలేదు. అందరూ ఒప్పుకునేది ఇంతవరకే. ఆ తర్వాత మా నాయన ఒకటి చెప్పేవాడు, ఆయన అక్క, అంటే మా మేనత్త, ఇంకొకటి చెప్పేది.

అత్త చెప్పేదాని ప్రకారం ముత్తాతకు గుర్రాలంటే పిచ్చి. ఎవరూ పిలవకుండానే పోయి పటాలంలో చేరాడు. కత్తి పట్టి, గుర్రమెక్కి, కొట్లాడి చనిపోయాడు. నాయన చెప్పేది వేరు. ఊరికి ఇంతమందిని పంపాలని పైనుంచి తాకీదు వస్తే మునసబు మా ముత్తాత పేరు రాయించాడట. చేలో ఉన్నవాణ్ణి కాళ్లు కూడా కడుక్కోనివ్వకుండా తీసుకుపోయారట. ప్రతి ఏడూ పెద్దల అమావాస్య నాడు అక్కాతమ్ముళ్లిద్దరూ దీని మీద గొడవపడి, ఆకుల ముందు కూర్చుని కూడా మాట్లాడుకునేవారు కాదు. నాయన పోయాక అత్త మాట ఒక్కటే మిగిలింది. ఆమెకిప్పుడు ఎనభై దాటాయి.

ఎక్కడ చనిపోయాడంటే మాత్రం ఇద్దరూ ఒకటే చెప్పేవారు, "కువైట్లో" అని. మా పక్క సముద్రం అవతల ఏ దేశమైనా కువైటే. మస్కట్‌లో డ్రైవరుగా ఉన్న మా ఎదురింటాయనను కూడా కువైట్‌కు పోయినాడనే అనేవారు. నేను నిజంగానే కువైట్‌కు బయలుదేరినప్పుడు అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన్ను యాడ పూడ్సినారో కనుక్కోమ్మే. ఎవురన్నా పెద్దోళ్లను అడిగితే చెప్తారు."

సరే అన్నాను. ఎవరిని అడగాలో, ఏమని అడగాలో తెలియక పదేళ్లపాటు ఎవరినీ అడగలేదు.

ఈ పదేళ్లూ నేను కువైట్ నగరంలోని బ్నీద్ అల్ గార్‌లో ఒకే ఇంట్లో పనిచేశాను. ఇంటి పెద్దావిడను మామా అని పిలుస్తాను. మోకాళ్లు పట్టేసి ఆమె చక్రాల కుర్చీ దిగదు. ఆమె పెద్ద కొడుకును బాబా అంటాను. ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయాక పాత పుస్తకాలు, పాత పటాలు కొనుక్కొచ్చి దివానియా నిండా పేర్చుకున్నాడు. దివానియా అంటే మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే గది. అక్కడ దుమ్ము దులపడం నా పనే గానీ పుస్తకాలు తెరిచి చూడటం నాకు అలవాటు లేదు. నేను చదివింది పదో తరగతి, అదీ తెలుగులో.

ఒక మధ్యాహ్నం చాయ్ తీసుకుపోతే బాబా ముందు ఒక పుస్తకం తెరిచి ఉంది. పేజీ నిండా ఒక ఫోటో. నది ఒడ్డున ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరి చేతిలో రెండేసి గుర్రాల పగ్గాలు. ముగ్గురూ మనవాళ్లే. మోకాళ్ల పైకి ఎగగట్టిన గుడ్డలు, తలకు చుట్టిన పాగాలు. నేను చాయ్ గ్లాసు పెట్టడం మరిచిపోయి నిలబడ్డాను.

"ఇది ఏ ఊరు బాబా?"

"బస్రా పక్కన. ఎందుకు?"

"మా నాయనకు తాత ఒకాయన ఇలాగే గుర్రాలతో యుద్ధానికి వచ్చాడు. కువైట్‌లో చనిపోయాడు."

బాబా అద్దాలు తీసి నన్ను చూశాడు. "నూరేళ్ల కిందటి ఆ యుద్ధం కువైట్‌లో జరగలేదు. బస్రా నుంచి పైకి, బాగ్దాద్ వైపు జరిగింది. మీ తాత ఏ పటాలం?"

నాకేం తెలుసు? తెలియదన్నాను. ఆయన నవ్వి పుస్తకం మూయబోయాడు. పక్కనే కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్న మామా, "చదివి చెప్పు దానికి, నీకేం పోయింది" అంది. బాబా తల్లి మాట తీసెయ్యడు.

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు తర్వాత, బాబా బయటికి పోయే ముందు, అరగంట. ఆయన ఇంగ్లీషులో చదువుకుని నాకు అరబ్బీలో చెప్పేవాడు. నా అరబ్బీ వంటింటి అరబ్బీ. ఉల్లిపాయలు, ఇస్త్రీ, మందులు, ఆసుపత్రి, వీటి వరకు తడుముకోకుండా మాట్లాడగలను. యుద్ధం మాటలు నాకెవరు నేర్పారు? సగం అర్థమయ్యేది, సగం ఊహించుకునేదాన్ని. పడుకునే ముందు ఆ సగాన్నీ ఈ సగాన్నీ కలుపుకుంటే ఒక్కోసారి అసలు ఏమీ మిగిలేది కాదు.

అది ఇంగ్లండులోని ఒక గుర్రపు దళం చరిత్ర. జీతం కోసం చేరిన సిపాయిలు కారట. రైతుల కొడుకులు, అంగళ్లవాళ్లు, ఎవరి గుర్రం వాళ్లు తెచ్చుకుని తీరిక రోజుల్లో కసరత్తు చేసేవారట. యుద్ధం వచ్చాక మేమూ పోతామని వాళ్లంతట వాళ్లే ఓడ ఎక్కారట.

"అందరూ ముతతవ్వి" అన్నాడు బాబా. నాకు అర్థం కాలేదని చూసి విడమరిచాడు. "ఎవరూ బలవంతం చేయకుండా, తనంతట తాను వచ్చినవాడు. నువ్వు వచ్చావు కదా, అలాగ."

"ఐవా బాబా" అన్నాను, అవునని. ఆయన ఏం చెప్పినా ముందు అదే అంటాను. వంటింట్లోకి వచ్చి పప్పు కడుగుతూ ఆలోచించాను. నేను నా అంతట నేను వచ్చానా? మా ఆయనకు నడుము పడిపోయింది. మా మరిది దరఖాస్తు రాయించాడు. నేను సంతకం పెట్టాను. అది వచ్చినట్టా, పంపినట్టా? ఎటూ తేలలేదు. పప్పు మాత్రం నాలుగుసార్లు కడిగాను.

శుక్రవారం మధ్యాహ్నం అత్తకు వీడియో కాల్ చేసి ఆ ఒక్క మాటే చెప్పాను. ఈ దళంలో అందరూ ఇష్టపడి వచ్చినవాళ్లేనని పుస్తకంలో రాసి ఉందన్నాను. అత్త ముఖం వెలిగిపోయింది.

"సూసినావా! నేను సెప్పలా? మీ నాయన యింటే బాగుండు. మొండోడు, సచ్చేదాంక ఒప్పుకోలా."

"అత్తా, మీ తాత ఈ దళంలోనే ఉన్నాడని తెలీదు. ఇంకా సగం పుస్తకం ఉండాది."

"ఆ సగంలో ఇంకేం ఉంటాదిలే" అంది అత్త.

వారం తిరక్కుండా మా తమ్ముడు వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపాడు. అత్త రాయచోటిలో ఫ్లెక్సీ వేయించింది. తెల్ల గుర్రం, దాని మీద రాజు పాగా పెట్టుకున్న ఎవరో మీసాలాయన. కింద ఎర్ర అక్షరాలతో "స్వచ్ఛందంగా యుద్ధానికి వెళ్లిన వీరుడు" అని. పెద్దల అమావాస్యకు దాన్ని మా ఇంటి గోడకు కట్టారట. ఊరంతా వచ్చి చూసిపోతున్నారట. ఆ బొమ్మను నేను బాబాకు చూపించలేదు.

ఎందుకంటే అప్పటికే బాబా ఆ రెండో సగంలోకి వచ్చాడు. గుర్రమెక్కి కత్తి పట్టింది ఇంగ్లీషువాళ్లే. మనవాళ్లు గుర్రాలను చూసుకునేవాళ్లు. మేత వేయడం, నీళ్లకు తోలుకుపోవడం, డెక్కలు కడగడం. దళం ఓడ దిగాక వాళ్లను దానికి అప్పగించారు. బాబా వాళ్లకు వాడిన మాట "తాబె". ఆ మాట నాకు బాగా తెలుసు. ఈ గది ఆ గదికి తాబె, ఈ మూత ఆ గిన్నెకు తాబె అంటారు. ఒకదానికి చెందింది అని.

"వాళ్లూ ముతతవ్వి కాదా బాబా?"

"అది రాయలేదు."

"మరి పట్టుకొచ్చారా?"

"అదీ రాయలేదు."

ఒకచోట మాత్రం ఒక వాక్యం ఉంది. మద్రాసు వైపు నుంచి వచ్చిన సాయిసులకు, అంటే గుర్రాలను చూసుకునేవాళ్లకు, గుర్రాల సంగతి బాగా తెలుసుననీ, కానీ అక్కడి చలికి చాలామంది తట్టుకోలేకపోయారనీ. ఆ రోజుల్లో కడప కూడా మద్రాసు కిందే ఉండేదని మా తెలుగు అయ్యవారు చెప్పడం నాకు గుర్తు. ఆ వాక్యం ఇంకోసారి చదవమన్నాను. ఆయన చదివాడు. ఇంకోసారి అడగడానికి మొహమాటం వేసింది.

పుస్తకం చివర పట్టికలు ఉన్నాయి. చనిపోయిన దొరల పేర్లు, వాళ్ల ఊళ్లు. ఆ తర్వాత పేజీలో చనిపోయిన గుర్రాల పేర్లు. బాబా ఒక్కొక్కటీ చదువుతుంటే మామా నవ్వింది, గుర్రానికి ఆడపిల్ల పేరు పెట్టారని. తర్వాత ఆయన ఇంకో పేజీ తిప్పి, ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

"ఖలాస్. వాళ్ల పేర్లు లేవు" అన్నాడు. నా వైపు చూడలేదు. పుస్తకం రాసింది ఆయన కాదు, అయినా ఆయనే తప్పు చేసినట్టు చాయ్ చల్లారిపోయేదాకా కూర్చున్నాడు.

అప్పుడు మామా చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ల తాతకు పడవ ఉండేదట. కువైట్‌లో తాగే నీళ్లు లేని కాలంలో బస్రా నది దాకా పోయి పడవ నిండా నీళ్లు తెచ్చేవాడట. అక్కడ హిందీవాళ్లు, అంటే మన దేశంవాళ్లు, ముందు గుర్రాలకు ఒళ్లు రుద్ది, ఆ తర్వాతే తాము మునిగేవారట. వాళ్లలో ఒకడు జబ్బుపడితే తాత పడవలో ఎక్కించుకుని కువైట్ తెచ్చాడట. ఆ మనిషి ఇక్కడే చనిపోయాడట.

నేను ఆమె కుర్చీ దగ్గరికి జరిగాను. "పేరేమిటి మామా? ఎక్కడ పూడ్చారు?"

"సముద్రం పక్కన. అప్పుడు అక్కడ ఇసుకే."

మర్నాడు పొద్దున కాళ్లకు నూనె రాస్తూ మళ్లీ అడిగాను. ఈసారి ఆమె అవి గుర్రాలు కావు ఒంటెలు అంది. జబ్బుపడిన మనిషి బలూచీవాడంది. మూడో రోజు అడిగితే, "ఏ మనిషి?" అంది. బాబాను అడిగితే, తన చిన్నప్పటి నుంచి ఆ కథ ఎన్నడూ వినలేదన్నాడు. "ఆమె వయసు అలాంటిది. నీ మీద ఇష్టంతో చెప్పి ఉంటుంది" అన్నాడు. అయి ఉండొచ్చు. కాకపోనూవచ్చు.

ఆ ఫోటో ఒక్కటి కావాలని అడిగాను. బాబా పుస్తకం నా చేతికే ఇచ్చి, కాపీ తీయించుకోమని డ్రైవరుతో మిర్కాబ్ బజారుకు పంపాడు. కాపీల అంగట్లో పనిచేసే ఆయన మా రాయచోటి ముస్లిమే. పెద్దది చేసి ఇమ్మంటే చేశాడు. పెద్దదయ్యేకొద్దీ ముఖాలు చుక్కలు చుక్కలుగా చెదిరిపోయాయి.

"ఎవురుక్కా వీళ్లు?"

"మా ముత్తాత."

"ముగ్గురిలో ఎవురు?"

ఆయన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "ఇది మన పక్క పాగా కాదనుకుంటాక్కా. పంజాబోళ్లు ఇట్ల సుడతారు" అన్నాడు. మళ్లీ నా ముఖం చూసి, "నేనేం సూసినానులే, ఆ కాలంలో ఎవురెట్ల సుట్టినారో" అని కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాడు.

అత్తకు నిజం చెప్పాలని రెండు శుక్రవారాలు ఫోను పట్టుకుని, వేరే మాటలు మాట్లాడి పెట్టేశాను. మూడోవారం చెప్పేశాను. ముత్తాత, ఒకవేళ అందులో ఉంటే, గుర్రమెక్కినవాడు కాదనీ, గుర్రాన్ని చూసుకున్నవాడనీ. ఇష్టపడి పోయాడో పట్టుకుపోయారో ఎక్కడా రాయలేదనీ. తెరమీద ఆమె నుదురు, పైకప్పు మాత్రమే కనిపించాయి.

"ఎక్కకుండా ఎట్లుంటాడే? నీళ్లకు తోలకపొయ్యేటప్పుడు నడిసే పోతాడా? ఎక్కింటాడు" అంది చివరికి.

"ఎక్కిండొచ్చత్తా."

"ఫోటో ఉండాదంటివే, సూపీ."

కాగితం తెర ముందు పట్టుకున్నాను. అత్తకు ఒక కంట్లో పొర ఉంది. ఆపరేషను వద్దని మొండికేసింది. ఫోను కంటికి ఆనించుకుని చూసింది. ముగ్గురిలో ఒకరి మీద వేలు పెట్టింది. ఎవరి మీద పెట్టిందో నాకు కనబడలేదు. "నడిమోడు" అని ఆమే చెప్పింది.

"ఎట్ల చెప్తావత్తా?"

"మీ నాయన ఇట్లనే నిలబడేవాడు, ఒక కాలు మీద బరువేసి. తెలీదా నీకు?"

నేను చూశాను. నడిమాయన ఒక కాలి మీదే నిలబడ్డాడు. మిగతా ఇద్దరూ అలాగే నిలబడ్డారు. గుర్రాలు లాగుతుంటే ఎవరైనా అలాగే నిలబడతారేమో.

మరుసటి ఏడు సెలవు మీద ఊరికి పోయేసరికి నేను వాట్సాప్‌లో పంపిన బొమ్మలోంచి నడిమాయన్ను కత్తిరించి ఫ్రేము కట్టించారు. ఫ్లెక్సీ మాత్రం తీయలేదు. గుర్రం మీద మీసాలాయన గోడకు, గుర్రం లేని చుక్కల మనిషి దేవుడి గూటి పక్కన. ఇద్దరూ ఒకరేనని అత్త వచ్చినవాళ్లకు చెబుతోంది. ఎవరూ ఎదురు అడగలేదు. నేను నాయన ఫోటో వైపు చూడలేకపోయాను. ఆయన ఉండి ఉంటే తప్పకుండా గొడవపడేవాడు. గొడవపడటానికి నా దగ్గర ఆయనకు ఇవ్వదగ్గ ముక్క ఒక్కటీ లేదు. అత్తకు ఇవ్వదగ్గదీ లేదు.

అమావాస్య నాడు అత్త నన్నే వడ్డించమంది, ఆయన పోయిన దేశం నుంచి వచ్చినదాన్ని నేనే కాబట్టి. రాగి సంగటి, గోంగూర, మాంసం ఫ్రేము ముందు ఆకులో పెట్టాను. ఫ్రేములోని మనిషి ఏ పంజాబు పల్లెలోనో ఇంకెవరి ముత్తాతో అయితే ఈ సంగటి ఆయనకు మింగుడుపడుతుందా అని ఒక ఆలోచన వచ్చింది. మావాడే అయితే ఇన్నాళ్లూ ఎవరి ఆకు ముందు కూర్చున్నాడో అని ఇంకోటి వచ్చింది.

"ఇంగ కొంచెం పెట్టు, ఒకటే ముద్దనా?" అంది అత్త వెనకనుంచి. ఇంకో ముద్ద పెట్టాను.