నాకు ఎదురుగా కూర్చుని తిన్న మనిషి

మా ఆయన పోయి నెల దాటింది. జనగామలో మా ఇంట్లోనే, పొద్దున నేను టీ పెట్టి తెచ్చేలోపు, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. మధ్యాహ్నానికి ఇల్లు చుట్టాలతో నిండింది. వచ్చిన ప్రతి మనిషీ నన్ను అడిగింది ఒక్కటే, రాత్రి ఏం తిన్నాడని. దోసె తిన్నాడని చెప్పాను, హోటల్ దోసె. గోడకు చేరగిలబడి కూర్చున్న మా ఆడబిడ్డ వెంటనే అందుకుంది. "హోటల్ తిండే పొట్టన పెట్టుకున్నది మా అన్నను." ఎనభైకి దగ్గరపడ్డ మనిషిని పొట్టన పెట్టుకోవడానికి హోటల్ తిండికి ఇంతకాలం ఎందుకు పట్టిందో ఆమెనే అడగాలి.

పక్కింటివాళ్ళు పంపిన ఉప్మాను ఆ చుట్టాలే ఒక పళ్ళెం చుట్టూ చేరి తిన్నారు. ఆ చేతులు కడిగీ కడగకుండా వచ్చి నా చెంపలు తుడిచారు. నాకు ఒళ్ళు జలదరించింది. మొగుడు పోయిననాడు కూడా ఈమెకు అసహ్యమేమిటని మీరు అనుకుంటారు. అనుకోండి. నా పుట్టుకే అంత. గ్లాసులో వేళ్ళు ముంచి తెచ్చే నీళ్ళు, ముక్కిన వాసన వచ్చే తడిగుడ్డ, ఒకరు కొరికి ఇంకొకరి చేతిలో పెట్టే జామకాయ, ఇవన్నీ నాకు రోతే. ఇంత రోత మనిషితో యాభై ఏళ్ళు పైన కాపురం చేసిన ఆయన గురించి, సంతాపానికి వచ్చినవాళ్ళెవరూ చెప్పని సంగతి ఒకటుంది. అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం నడుస్తోంది. కాలేజీలు మూతపడ్డాయి, పరీక్షలు ఆగిపోయాయి. హన్మకొండలో చదువుకుంటున్న నేను పెట్టె సర్దుకుని ఇంటికొచ్చాను. పెళ్ళీడు పిల్ల చదువూ సంధ్యా లేకుండా కళ్ళముందు తిరుగుతుంటే మా నాయినకు నిద్రపట్టలేదు. కాలేజీ తలుపులు తెరిచేలోపు నా మెడలో పుస్తెలు పడ్డాయి. అత్తగారిది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఊరు. భూములున్న కుటుంబం. ఆయనకు జనగామలో వ్యవసాయ శాఖ నౌకరి, రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవాడు.

కాపురానికి వచ్చిన మొదటిరోజు ఆయన తిని లేచాక మా అత్త నన్ను పిలిచి ఆయన పళ్ళెం ముందు కూర్చోబెట్టింది. నమిలి ఊసిన మునక్కాడ పిప్పి ఒక పక్కన ఉంది. పులుసు పిసికిన వేళ్ళ గుర్తులు నెయ్యితో సహా గడ్డకట్టి ఉన్నాయి. నడుమ సగం కొరికిన మాంసం ముక్క. అందులోనే ఆమె నాకు అన్నం పెట్టింది. కంచాలు లేక కాదు, దూలం కింద బోర్లించిన ఇత్తడి పళ్ళాలు నా కళ్ళకు కనిపిస్తూనే ఉన్నాయి. "నాకు వేరే పళ్ళెం ఇయ్యి అత్తమ్మా" అన్నాను.

"వేరేదెందుకు? మేమందరం గిట్లనే తిన్నం. మీ మామ ఉన్నన్ని దినాలు నేను ఇంకో పళ్ళెం ముట్టలే" అంది ఆమె. కోపంగా కూడా అనలేదు. పెరటి దారి చూపించినట్టు మామూలుగా చెప్పింది.

నాలుగు ముద్దలు మింగి, కొట్టం వెనక్కి పోయి కక్కేశాను. రెండో రోజూ అంతే. పెళ్ళయి పక్షం కాలేదు, అప్పుడే కోడలు నీళ్ళోసుకున్నదని వాడంతా చెప్పుకున్నారు. ఒకామె చింతకాయ తొక్కు కూడా తెచ్చిచ్చింది. ఆ గిన్నె అంచుకు ఆమె వేలు చీకిన గుర్తు ఉంది, అది వేరే కథ.

ఆ సగం కొరికిన ముక్క సంగతి నాకు చాలా రోజుల వరకు అర్థం కాలేదు. అది ఆయన ప్రేమట. కూరలో మంచి ముక్క చూసి, రుచి బాగుందో లేదో కొరికి చూసి, నా కోసం పళ్ళెంలో వదిలేవాడు. నేను చిక్కిపోతుంటే పెళ్ళానికి తిండి చాలడం లేదనుకున్నాడు పాపం. నేను చిక్కినకొద్దీ ఇంకా ఎక్కువ వదలడం మొదలుపెట్టాడు. ఆయన వదిలేకొద్దీ నేను కక్కేదాన్ని. ఆయన కూడా అర్ధాకలితో లేస్తున్నాడని నాకేం తెలుసు? ఒక పళ్ళెం మీద ఇద్దరం ఎండిపోయాం.

అట్లా ఉండగా ఒక ఆదివారం ఆయన, ఓరుగల్లు చూపిస్తానని వాళ్ళమ్మకు చెప్పి నన్ను రైలెక్కించాడు. అంతకుముందు హన్మకొండలో చదివానన్న మాటేగానీ హాస్టలు, కాలేజీ తప్ప నేను చూసిందేమీ లేదు. కోట చూశాం. వేయిస్తంభాల గుడి చూశాం. రిక్షాలో బజార్లన్నీ తిరిగి స్టేషన్ రోడ్డులో ఒక హోటల్ ముందు దిగాం. ఆడవాళ్ళ కోసం లోపల పరదా కట్టిన గది ఉంది. ఆ పరదా పట్టుకుంటే చేతికి జిడ్డు అంటింది. తినేవాళ్ళంతా చేతులు దానికే తుడుచుకుని పోయినట్టున్నారు. సర్వర్ నల్లటి గుడ్డతో బల్ల తుడిచి, అదే గుడ్డతో మెడ తుడుచుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"ముక్కుతోని తింటవా, నోటితోని తింటవా?" అన్నాడు ఆయన. "కూసో. వేడివేడిగ వస్తది."

రెండు ప్లేట్లు వచ్చాయి. రెండు. ఒకటి ఆయన ముందు, ఒకటి నా ముందు. బోండా నుంచి పొగ లేస్తోంది. పెళ్ళయ్యాక నా ముందు పొగలు లేచే తిండి చూడడం అదే మొదలు. తినబోతుంటే ఆయన తన బోండా కొరికి, బాగుందని తల ఊపి, మిగిలింది ముచ్చటగా నా ప్లేట్‌లో పెట్టాడు.

అప్పుడు అనేశాను. "మీ ఎంగిలి నాకు రోత."

ఆయన చెయ్యి అక్కడే ఆగింది. మొహం మాడింది. నా మీద కోపమొచ్చిందనే అనుకున్నాను. "ఇంటికాడ కూడానా?" అని అడిగాడు.

"ఇంటికాడ ఇంకా రోత. దినాం కక్కుతున్న."

"మరి గిన్నొద్దులు చెప్పకపోతివి."

"మీ అమ్మకు చెప్పిన. ఇన్నదా?"

ఆయన ఆ ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. ఆ ప్లేట్ పక్కకు జరిపాడు. సర్వర్‌ను పిలిచి, ఇంకో ప్లేట్ కడిగి తెమ్మని, ఇంకో రెండు బోండాలు చెప్పాడు. నేను తింటున్నంతసేపూ తల వంచుకునే ఉన్నాడు. రైలెక్కాక అన్నాడు, "అవ్వతోని అంటే లొల్లి అయితది. ఆదివారం ఆదివారం ఊరు తిరుగుదం."

మాకు లోకం చూసే సరదా ఎక్కువని మా చుట్టాల్లో పేరుపడింది ఇందువల్లే. వాళ్ళమ్మకు ఒక్క మాట చెప్పే ధైర్యం లేక, పెళ్ళానికి శుభ్రమైన పళ్ళెంలో అన్నం పెట్టడానికి రైలెక్కించి తీసుకుపోయే మగవాడు ఆయన. ఆ పిరికితనం కూడా నాకు అసహ్యంగానే ఉండేది, ఆయన మొహం మీదే అనేదాన్ని. కానీ ఆ ఆదివారాలు లేకపోతే నేను ఏ బావి చూసుకునేదాన్నో. ఓరుగల్లులో మేము ఎక్కని మెట్లు లేవు. ఎక్కడ పూరీ పొంగుతుంది, ఎక్కడ నూనె మాడు వాసన వస్తుంది, ఏ హోటల్లో గ్లాసులన్నీ ఒకే బకెట్‌లో ముంచి తీస్తారు, అన్నీ ఆ నగరంలో నేను ముక్కుతో పట్టిన ఆనవాళ్ళే. ఆయన ముందు పోయి వంటిల్లు తొంగిచూసి వచ్చి, "నడువు, నీకు నడుస్తది" అనేవాడు. నడవదని అప్పుడప్పుడూ బయటకొచ్చేవాళ్ళం. ఎదురెదురుగా కూర్చుని తినేటప్పుడు ఆయన ఎంత చప్పుడు చేస్తాడో, వేళ్ళు ఎట్లా చీకుతాడో అప్పుడే చూశాను. అదీ రోతే. నా పళ్ళెం నాది కనుక నవ్వొచ్చింది కూడా.

ఒకసారి హైదరాబాద్ పోయాం. ఇరానీ హోటల్లో చాయ్ సాసర్‌లో పోసుకుని తాగాం, ఆ కప్పు పగుల్లో నల్లటి గీత నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. ఇంకో మెస్‌లో ఈయన, "జర చారు ఏయి" అంటే యజమాని పక్కవాళ్ళ వైపు తిరిగి మా యాసను వెక్కిరించాడు. అందరూ నవ్వారు. ఈయన తొణక్కుండా తినడం ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చి, "పప్పు మంచిగున్నది. నోరే మంచిగలేదు" అని చెప్పి బయటకు నడిచాడు.

తర్వాత మానుకోటకు బదిలీ అయింది, మహబూబాబాద్ అనండి. అక్కడ మేమిద్దరమే. ఇంట్లో రెండు పళ్ళాలు ఎదురెదురుగా పెట్టుకుని తినేవాళ్ళం. బయట తినడం మాత్రం మానలేదు, అలవాటు అయిపోయింది. అక్కడ ఒక హోటల్ ఉండేది. కడిగిన నేల, మెరిసే గ్లాసులు, నా జన్మలో నేను ముక్కు ముడవని హోటల్ అదొక్కటే. మూడోసారి పోయినప్పుడు బయట చూరుకు వేలాడదీసిన సత్తు గ్లాసులు ఆయన కంటపడ్డాయి. తండాలవాళ్ళకూ, మాదిగవాడ వాళ్ళకూ అవి. వాళ్ళే తీసుకుని, వాళ్ళే కడిగి పెట్టాలి. ఆయన చేతిలో పూరీ అట్లాగే పెట్టేసి లేచాడు. "గిది నీకు రోతనిపిస్తలేదా?" అని నన్ను అడిగాడు. నిజం చెప్పాలంటే, అది రోత కిందకి వస్తుందని అంతవరకు నాకు తోచలేదు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఇంతకూ ఆ ఎంగిలి పళ్ళెం ఎక్కడికీ పోలేదు. పండుగకు ఊరు వెళ్ళినా, అత్త మా ఇంటికొచ్చినా అది తిరిగి నా ముందుకు వచ్చేది. ఆమె ఉన్నన్ని రోజులూ ఈయన నోరు పెగిలేది కాదు. పళ్ళెం మాత్రం అద్దంలా ఊడ్చి తిని లేచేవాడు, నాకు ఏమీ మిగలకుండా. అంతవరకే ఆయన చేతనయింది. ఏళ్ళు గడిచాయి, పిల్లలు హాస్టల్లో చదువుకునేంత పెద్దయ్యారు.

ఎనభైల చివర్లో భూపాలపల్లికి వేశారు. బొగ్గు బావులు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. ఆరేసిన చీర సాయంత్రానికి మట్టిరంగుకు మారేది. అక్కడ ఆయనకు పచ్చకామెర్లు పట్టాయి. పసరు మందు, చప్పిడి పథ్యం. కొడుకును చూసుకోవడానికి మా అత్త వచ్చింది. ఒకరోజు ఆయన ఉప్పులేని మజ్జిగన్నం రెండు ముద్దలు తిని, ఇక మింగలేక మంచం మీద వాలాడు. ఆమె ఆ పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. మెతుకుల మీద నీళ్ళు తేలుతున్నాయి.

"అత్తమ్మా, రోగమొచ్చిన మనిషి ఎంగిలి గిది."

"గందుకే తినాలె. మొగడు చప్పిడి మింగుతుంటే నీకు కారం మెతుకులు ఎట్ల దిగుతయే? పెండ్లాం పంచుకుంటె రోగం సగమైతది."

అప్పుడు మంచం కిర్రుమంది. ఈయన లేచి కూర్చున్నాడు. గోడ పట్టుకుని నిలబడి, కొక్కానికున్న అంగీ తొడుక్కున్నాడు. "ఇద్దరు నడువుండ్రి" అన్నాడు.

"ఏడికిరా?" అంది ఆమె.

"హోటల్‌కు."

"పత్తెం ఉన్నోనికి హోటలేందిరా?"

"నేను తిన అవ్వా. మీరు తింటరు."

నా భుజం పట్టుకుని నడిచాడు. సందు చివర రేకుల హోటల్. లారీ డ్రైవర్లు, బావుల్లో పనివాళ్ళు. బల్ల మీద బొగ్గుమసి, కింద మెతుకులు, వాటి మీద ఈగలు. రెండు భోజనాలు చెప్పి, తాను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని మా ఎదురుగా కూర్చున్నాడు. మా అత్త కొంగు నిండుగా కప్పుకుని బల్ల అంచున ఒదిగింది. అరవై దాటిన మనిషి, హోటల్లో కాలుపెట్టడం అదే మొదలు. పళ్ళాలు వచ్చాయి. అన్నం, పప్పు, వంకాయ కూర. నేను కలుపుకున్నాను. ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"తిను అవ్వా."

ఆమె పళ్ళెం వైపు చూసింది, నా వైపు చూసింది, కొడుకు వైపు వంగి మెల్లగా అడిగింది. "ఇండ్ల ముందుగాల ఎవ్వలు తిన్నరు?"

"ఎవ్వలు తినలే. నీకే పెట్టిండ్రు."

"నువ్వు తినంది నేనెట్ల తింట బిడ్డా?"

"నేను సూస్త. తిను."

ఇన్నేళ్ళూ ఆమె మీద పెంచుకున్న రోత అక్కడే ఆగిపోయింది. ఆమె నాకు పెట్టినలాంటి ఎంగిలి పళ్ళెం తప్ప ఇంకో పళ్ళెం ఆమెకు ఎవరూ పెట్టలేదు. మామ పోయాక కూడా ఈయన తమ్ముళ్ళు తిన్న పళ్ళాల్లోనే తింటూ వచ్చింది. అది నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

చివరికి చెయ్యి పెట్టింది. అన్నం మధ్యలో కాదు. అంచున, తనవైపున్న చిన్న మూలలో మాత్రం కాస్త కలుపుకుని, అక్కడి నుంచే తినసాగింది, నడుమ ఇంకెవరి చెయ్యో ఉన్నట్టు.

ఆయన కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి. గ్లాసు బల్ల మీద పెట్టి ముందుకు వంగాడు.

"నడుమకెల్లి తిను అవ్వా" అన్నాడు.