ప్రింటర్‌లో దొరికిన రెండో పేజీ

అమెరికాలో నోవై అనే ఊళ్లోని తెలుగు చర్చికి ఇరవై ఏళ్లుగా దైవాశీర్వాదమే సెక్రటరీ. మనిషికి అనుమానం జాస్తి. పిల్లలు నలుగురు చేరి నవ్వితే తన గురించేనంటాడు. తాళం తనే వేసి, నమ్మకం లేక మళ్లీ తనే లాగి చూస్తాడు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ప్రింటర్‌లో ఇంగ్లిష్‌లో ఒక కాగితం కనబడింది. రెండో పేజీ అని వేసి ఉంది, పైన షారన్ పేరు. కీబోర్డు వాయించే పదిహేడేళ్ల పిల్ల, ఇక్కడే పుట్టింది. అందులో ఇలా ఉంది:

"పెద్ద పదవులన్నీ అక్కడ పుట్టి వచ్చినవాళ్లకే. ఒకే రక్తమైనా, ఎంత సమర్థులైనా, ఇక్కడ పుట్టినవాళ్లు వాళ్ల కిందే ఉండాలి. పన్నులు కట్టేది వీళ్లు, శాసనాలు చేసేది సముద్రం అవతలివాళ్లు. చివరికి రాజే శత్రువుకు చిక్కాక, ఇంకా ఎవరి మాట వినాలని వీళ్లు అడిగారు."

దైవాశీర్వాదం చెవులు వేడెక్కాయి. కమిటీలో తొమ్మిదిమందీ కృష్ణా, గుంటూరుల్లో పుట్టినవాళ్లే. పాస్టర్ని కూడా అక్కణ్ణించే పిలిపించారు. ఇక్కడ పుట్టినవాళ్ల పని కుర్చీలు సర్దడం.

షారన్‌ని పిలిచాడు. "ఎవరమ్మా నీ వెనకుండి ఇదంతా రాయిస్తోంది?"

"నా హిస్టరీ హోమ్‌వర్క్ అంకుల్," అని షారన్ చేతిలోని మొదటి పేజీ చూపించింది. "సౌత్ అమెరికా వాళ్లకి స్పెయిన్ రూల్ ఎందుకు వద్దు, అని టాపిక్."

"స్పెయిన్ అని పైకి రాశావులే. అసలు ఎవర్ని అన్నావో నాకు తెలీదా?"

"ఎవర్ని, అంకుల్?"

హాల్లో కుర్చీలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.