వేడెక్కిన రబ్బరు గింజ

నిన్న పొద్దున మలేసియాలో మా సైబర్‌జయ ఊళ్లో నడకకు వెళితే కాలి కింద రబ్బరు చెట్టు మచ్చల గింజ ఒకటి తగిలింది. ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, సిమెంటు గట్టు మీద బరబరా రుద్ది చెంపకు ఆనించుకున్నాను. అబ్బ, అదే చురుకు!

వందేళ్ల కిందట రబ్బరు తోటలో, ఆకుల కప్పు బళ్లో తాను చేసిన కొంటెపని తాత చెప్పినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. "గింజని రాయికేసి రాసి ముందోడి మెడకి అంటించినామంటే ఆడు ఎగిరి లేస్తాడు. జవాబు తెలిసి లేసినాడనుకుంటాడు మాస్టరు!"

ఇక ఆగుతానా? మర్నాడు మా ఎస్టేటు బళ్లో మాస్టారు "పదమూడు ఏడులెంత?" అని అడగడం, నేను నేలకేసి రుద్దిన గింజను ముందున్న అప్పన్న మెడకు తాకించడం ఒక్కసారే జరిగాయి. ఏడాదంతా నోరు విప్పని అప్పన్న "అమ్మో!" అని ఎగిరి లేచాడు.

"సెప్పరా అప్పన్నా!" మాస్టారి మొహం వెలిగిపోయింది.

"తొంభై ఒకటండి."

క్లాసంతా చప్పట్లు! నేను నోరెళ్లబెట్టాను. గింజలో ఇంత మహిమ ఉందని తాత చెప్పలేదే! మర్నాడు అప్పన్నను వెనక కూర్చోబెట్టి, "నాకూ అంటించరా, గట్టిగా!" అని మెడ వంచాను. మాస్టారు లెక్క అడగ్గానే వాడు అంటించాడు, ఎగిరి లేచాను. మెడ మండింది గాని జవాబు రాలేదు.

"ఏటిరా, లేసి అలా నిలబడిపోయినావు?" అన్నారు మాస్టారు.

అప్పన్నకు జవాబులన్నీ ముందే వచ్చని, లేచి నిలబడటమే రాదని తెలిసేసరికి నాకు మీసాలొచ్చాయి. అప్పటికి మాత్రం ఒకటే ఉడుకుమోత్తనం: వారం తిరక్కుండా, నా గింజ వేడెక్కేలోపే వాడు లేచి నిలబడి జవాబు చెప్పేయసాగాడు.