నాన్న ఎడమ చెంప

రాష్ట్రాల హద్దులు మారిన ఆ రోజుల్లో మా చాందా ఊరి బజారులో అందరూ ఏ తాలూకా ఎటు పోయిందని మాట్లాడుకునేవారు. మా ఇంట్లో దిగులు వేరు. మాకు క్షవరం చేసే మంగలి మామ వెళ్ళిపోతున్నాడు. ఆయన అత్తగారి పొలం సిర్పూర్ దగ్గర, అవతలి తెలుగు రాష్ట్రంలో పడింది. అక్కడే ఉండి చూసుకోకపోతే కాగితాల్లో పేరు మారిపోతుందని ఆయన భయం.

నాన్నకు అప్పటికి మూడు నెలలుగా పక్షవాతం. ఎడమ చెయ్యి పడిపోయింది, ఎడమ చెంప జారి మూతి వంకరపోయింది. మామను తప్ప ఎవరినీ ఆ ముఖం ముట్టుకోనిచ్చేవాడు కాదు. "కొత్తోడొస్తే నా మూతి ముచ్చట మాపటికల్లా బజారంత అమ్ముకుంటడు," అనేవాడు. ప్రతి పొద్దునా మాతో ఒక మాట మాత్రం చెప్పేవాడు: "ఇయ్యాల ఎడమ దవడ జివ్వుమంటుంది. పానం లేస్తుంది. మంచిగ తెలిసిననాడు పోయి దుకాణంల కూసుంట." ఆ దవడ మీద ఈగ వాలినా ఆయన కదలకపోవడం మేం చూస్తూనే ఉన్నాం, ఎవరమూ అనలేదు. ఆయన ఆశ అంతా ఆ జివ్వుమనడం మీదే. నాదీ అదే. మా కిరాణా దుకాణంలో ఆయన కూర్చునే గద్దె మీద నేను కూర్చుంటే పాత గిరాకీలు గుమ్మంలోంచే "పెద్దసేఠ్ ఎప్పుడొస్తడు?" అని అడిగి పక్క దుకాణానికి నడిచేవారు.

అందుకని కత్తి నేనే పట్టాలనుకున్నాం. కొత్త కత్తి కొంటే నేను కిరాణా దుకాణపు ఇంట్లో పుట్టనట్టే. మామ పాత కత్తికే బేరం పెట్టాను. పిడి వదులైందన్నాను, అంచు అరిగిందన్నాను. ఆయన విసిగి సరేనన్నాక, కత్తి నూరుకునే తోలుపట్టా కొసరుగా అడిగాను. అదీ ఇచ్చాక, నేర్పడం కూడా కొసరులోకే వస్తుందన్నాను.

"ఇంకేమన్న ఉన్నదా చిన్నసేఠ్? నా చెయ్యి గూడ కోసియ్యాల్నా?"

"అవసరం పడితే కార్డు రాస్త మామా."

మొదట నా ముఖం మీదే నేర్పాడు. వేడినీళ్ళ గుడ్డ వేసి వెంట్రుక మెత్తబడేదాకా ఆగమన్నాడు. చర్మాన్ని గుంజి పట్టి, కత్తిని దాదాపు పడుకోబెట్టి, వెంట్రుక వాలిన వైపే నడపమన్నాడు. "ఒత్తకు. కత్తి బరువు కత్తికి సాలు. పక్కకు జారనిచ్చినవా, తెగుతది." నాదేమో తూకం వేసేటప్పుడు త్రాసుకు బొటనవేలు ఆనించే అలవాటున్న చెయ్యి. ఒత్తకుండా ఉండలేకపోయింది. గడ్డం కింద మూడు చోట్ల తెగింది. పటిక రాసుకుని దుకాణం తెరిస్తే, బోణీకి వచ్చిన మరాఠీ ముసలమ్మ "కాయ్ సేఠ్, మాంజరానే ఓర్బాడ్లా కా?" అంది. పిల్లి గీరిందా అని. బోణీ పోగొట్టుకోలేక నవ్వి, పప్పు కాస్త ఎక్కువే పోశాను.

వెళ్ళే ముందు రోజు మామ నన్ను పక్కకు పిలిచాడు. "సేఠ్‌కు మొదలు కుడిచెంప గీకు. గా దిక్కు ఆయనకు తెలుస్తది, నీ చెయ్యి ఎట్లున్నదో ఆయన మొకమే చెప్తది. చెయ్యి కుదిరినంకనే ఎడమ దిక్కు పో. గాడ తోలు జారున్నది, నువ్వే గుంజి పట్టాలె."

మరునాడు ఆయన బల్లార్‌పూర్ మీదుగా పోయే బండెక్కాడు.

నాలుగు రోజులకు నాన్న గడ్డం తెల్లగా పొడుచుకొచ్చింది. వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆయన అద్దం ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నురుగు రాస్తుంటే నాలోని బేరగాడు లేచాడు. స్పర్శ తెలియని ఎడమ చెంపతో మొదలుపెడితే కసురుకునేవాడు ఉండడు, చెయ్యి కుదిరాక తెలిసే చెంపకు పోవచ్చు. మామ మాటను తిరగేసి లాభం చూసుకున్నాను.

రెండు గీతలు బాగానే వచ్చాయి.

"ఎట్లున్నది నాయినా?"

"మంచిగున్నది. సల్లగ తెలుస్తుంది."

మూడో గీతకు నా వేళ్ళు నురుగులో జారాయి. వదులైన తోలు మడతపడింది, కత్తి అందులోకి దిగింది. నురుగు ఎర్రబడి మెడ మీదికి కారింది. నాన్న కళ్ళు మూసుకుని అలాగే ఉన్నాడు.

"మల్ల జివ్వుమంటుందిరా," అన్నాడు.

నేను గుడ్డతో అదిమి పట్టాను. బేరంలో అవతలివాడు మాట ఆపితే ఏదో జరిగిందని నాన్నకు ఎప్పుడూ తెలుసు. కళ్ళు తెరిచాడు. కుడిచేత్తో అద్దం ఎత్తి చెంపను చూశాడు, తర్వాత నా చేతిలోని గుడ్డను చూశాడు.

"ఎప్పుడు తెగింది?"

"ఇప్పుడే. సిన్నదే నాయినా."

కొంచెం ఆగి, "అబ్బా," అన్నాడు.

"నొస్తుందా?"

"నొయ్యదా మరి? జర సూసుకోని గీకు."

పటిక తెచ్చాను. ఆయన అద్దంలో నా చెయ్యినే చూస్తున్నాడు. పటిక చెంపకు ఇంకా బెత్తెడు దూరంలో ఉండగానే "స్స్... మండుతుంది," అన్నాడు.

"మెల్లగ పెడత," అన్నాను.

కుడిచెంప గీకేటప్పుడు ఆయన అద్దాన్ని ఒళ్ళో బోర్లించాడు. మరునాటి పొద్దున దవడ సంగతి చెప్పలేదు. దుకాణంలో గద్దె మీది దుప్పటి పాతదైంది, నీకు నచ్చింది చూసి కొత్తది పరుచుకో అన్నాడు.