గ్రోగన్ మేస్త్రి చూపించిన పని

"వద్దమ్మాయ్, ఆ కోటు అక్కడే పెట్టెయ్. వాడు వేసుకున్నాక నేనింక దాన్ని తొడుక్కోలేను" అన్నాడు డెనిస్ గ్రోగన్, కాఫీ గిన్నె పొయ్యి మీంచి దించుతూ.

షూటింగుకని ఆయన అరువిచ్చిన కోటుకి చిరిగిన మోచేయి కుట్టి తెచ్చిన హెట్టీ లూమిస్ నవ్వింది. వారానికో భాగం చొప్పున ఆడే సీరియల్ సినిమాలు తీసే కంపెనీలో ఆమెది దర్జీ పని. "దుర్మార్గుడి వేషమే గానీ మనిషి మంచివాడు, గ్రోగన్ గారూ. ఆదివారం చర్చి తప్పడు."

"వాడి సంగతి కాదే, నా సంగతి."

మీసం మొలవకముందే ఐర్లండ్ వదిలొచ్చిన గ్రోగన్ రైలు పట్టాల మీదే ముసలివాడయ్యాడు. మెస్కిట్ వెల్స్ ఊళ్లో పట్టాలు బాగుచేసే గ్యాంగుకి మేస్త్రి. ఆయన చూసే లైన్లో ఒక్క బండీ పట్టా తప్పలేదని ఊళ్లో అంటుంటే, విననట్టు టోపీ సర్దుకుంటాడు.

పోయినవారం పాత గని లైను మీద షూటింగు జరిగింది. రైలును పడగొట్టాల్సిన దుర్మార్గుడు పట్టా నడిమధ్యన గునపం పెట్టి ఆపసోపాలు పడుతుంటే గ్యాంగు వాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. డైరెక్టరు చిన్నబుచ్చుకున్నాడు. "అయితే నువ్వే చూపించవయ్యా, మేస్త్రీ!"

ఆ ఒక్క మాటకు గ్రోగన్ ఉబ్బిపోయాడు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది విప్పాలో, పైకి ఏమీ జరగనట్టు ఎలా వదిలెయ్యాలో అంతా చేసి చూపించాడు. కెమెరా దగ్గరికి తెచ్చి ఆయన చేతులనే తీశారు.

"అందరూ చప్పట్లు కొట్టారుగా, ఇంకేం?" అంది హెట్టీ.

"కొట్టారు. అదే నా కొంప ముంచింది. మొన్న శనివారం ఆడిన భాగంలో సిగ్నల్ దీపానికి గుడ్డ చుట్టారు, చూశావా? సోమవారానికల్లా మన స్టేషన్ దీపానికి ఎవడో లంగా గుడ్డ కట్టాడు. సరదాకట, వాడి మొహం! డ్రైవరు దారి ఎరిగినవాడు గనక సరిపోయింది."

హెట్టీ నవ్వు ఆగిపోయింది.

"నా భాగం ఎప్పుడాడుతుంది?" అనడిగాడు గ్రోగన్.

"ఫిలిం ముక్కలు ఇంకా అతుకుతున్నారు. వచ్చే నెల."

దీపానికి ఆ గుడ్డ కట్టినప్పట్నుంచీ గ్రోగన్ పొద్దున తిరిగిన లైనే సాయంత్రం మళ్లీ తిరుగుతున్నాడు. కానీ ఆ బొమ్మ ఆడే ఊళ్లన్నిటా ఆయన తిరగలేడు కదా.

హెట్టీ ఎక్కాల్సిన బండి దూరాన కూసింది. ఆమె పెట్టె తానే అందుకుని గుమ్మందాకా వచ్చాడు.

"ఆ ముక్క కత్తిరించెయ్యమని మీ డైరెక్టరుతో చెప్పు తల్లీ. నీ మాటగా చెప్పు. నన్ను మాత్రం పిలిపించనివ్వకు. 'పోనీ, బండిని పడగొట్టే ఇంకో ఉపాయం ఉందా మేస్త్రీ' అని ఎదురుగా నిలబడి అడిగాడంటే... నేను చెప్పేస్తాను."